ఉత్తరాల కొండ

మంచానికి ఒక పక్క దిగితే పడకగది, రెండో పక్క దిగితే రాతగది. మధ్య గోడను తొలిచి ఆ ఖాళీలో మంచాన్ని ఇమిడ్చారు. కాళ్ల వైపు చిన్న గడియారం. తెల్లవారుజామున దాని ముళ్లు కంటికి ఆనేపాటి వెలుతురు రాగానే థామస్ జెఫర్సన్ లేచేవాడు. చన్నీళ్లలో పాదాలు కడుక్కునేవాడు. బయట ఎంత చలిగా ఉందో ఉష్ణమాపకంలో చూసి రాసుకునేవాడు. ఆ తర్వాత రాతబల్ల ముందు కూర్చుంటే ఇక ఉత్తరాలే. పొద్దు పొడిచింది మొదలు ఒంటిగంటా రెండింటి దాకా, చాలాసార్లు భోజనం చేశాక మళ్లీ చీకటి పడే దాకా ఈ బల్ల దగ్గరే తన బతుకు గడుస్తోందని 1817లో పాత మిత్రుడు జాన్ ఆడమ్స్‌కు రాశాడు. అప్పటికి పదవి దిగి ఎనిమిదేళ్లు. వయసు డెబ్బై మూడు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం. షార్లట్స్‌విల్ ఊరి అంచున 867 అడుగుల ఎత్తున్న కొండ. దానిమీద ఎర్ర ఇటుకల ఇల్లు, తెల్ల స్తంభాలు, నెత్తిన ఎనిమిది పలకల గుమ్మటం. పేరు మాంటిచెల్లో. ఇటాలియన్ భాషలో ‘చిన్న కొండ’ అని అర్థం. అమెరికా మూడో అధ్యక్షుడు జెఫర్సన్ తానే గీతలు గీసి కట్టించి, సగం పడగొట్టి, మళ్లీ పెంచి కట్టించుకున్న ఇల్లు ఇది. ఆ దేశం వెళ్లిన మనవాళ్లలో ఈ ఇంటికి రానివాళ్లు చాలామంది ఉంటారు గానీ, దీన్ని చేత్తో పట్టుకోనివాళ్లు అరుదు. అక్కడి ఐదు సెంట్ల నాణెం వెనకవైపు 1938లో చేరిన బొమ్మ ఇదే.

కొండెక్కినవాళ్లంతా గుమ్మటాన్ని చూస్తారు. వెయ్యి అడుగుల పొడవున్న కూరగాయల మడిని చూస్తారు. నేను వెళ్లింది రాతగది కోసం. మా తాతగారింట్లో వసారా దూలానికి ఓ ఇనప తీగ వేలాడుతుండేది. కింది కొస కొక్కెంలా వంచి ఉండేది. వచ్చిన ప్రతి కార్డునూ, కవరునూ చదవడం అయ్యాక దానికి గుచ్చేవాళ్లు. నలభై ఏళ్ల పెళ్లిళ్లు, పురుళ్లు, బాకీలు, వానలు ఆ తీగకు వేలాడేవి. చావు కబురు తెచ్చిన కార్డును మాత్రం చదివిన వెంటనే చించేసేవాళ్లు. తాతగారు పోయాక ఇల్లు దులిపినప్పుడు ఎవరో ఆ తీగ మొత్తాన్నీ పొయ్యిలో పెట్టారు. అప్పటి నుంచీ ఉత్తరాలు దాచుకున్న మనుషులంటే నాకు ప్రాణం. జెఫర్సన్ దాచినంతగా దాచినవాళ్లు బహుశా చరిత్రలోనే తక్కువ.

ఆయన జీవితకాలంలో రాసిన ఉత్తరాలు దాదాపు 19 వేలు. వచ్చినవి అంతకన్నా ఎక్కువ.

ఉత్తరాల ఆవర్జా

లోపలికి అడుగు పెట్టగానే హాలు. తలుపు మీద పెద్ద గడియారం. దాన్ని నడిపే బరువులు ఫిరంగి గుండ్లలా ఉంటాయి, తాళ్లకు వేలాడుతూ గోడ వెంట దిగుతుంటాయి. గోడ మీద ఆదివారం, సోమవారం అని వారాల పేర్లు రాసి ఉంటాయి. గుండు ఏ పేరుకు ఎదురుగా ఉంటే ఆ వేళ ఆ వారం. ఏడు రోజులకూ గోడ ఎత్తు చాలలేదు. అందుకని నేలకు కంత పెట్టించారు. శనివారం చూడాలంటే నేలమాళిగలోకి దిగాలి. కాలాన్ని ఇంత పట్టుగా కొలుచుకున్న మనిషి ఉత్తరాల లెక్క ఎలా రాశాడో చెబితే ఆశ్చర్యం కలగదు.

1783 నవంబరులో ఆయన ఒక పుస్తకం తెరిచాడు. మన కరణాలు ఆవర్జా అనే దాని లాంటిది. రోజూ ఒక వరసలో తాను రాసినవి, ఇంకో వరసలో తనకు వచ్చినవి. వచ్చినదైతే రాసినవారి పేరు, ఏ ఊరు, ఏ తేదీన రాశారు, తన చేతికి ఏ తేదీన అందింది. అప్పుడు మొదలుపెట్టిన లెక్క 1826 జూన్‌లో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు దాకా ఆగలేదు. నలభై రెండేళ్ల పైచిలుకు, 656 పేజీలు. పారిస్‌లో రాయబారిగా ఉన్నప్పుడూ, విదేశాంగ మంత్రిగా, ఉపాధ్యక్షుడిగా, అధ్యక్షుడిగా ఉన్నప్పుడూ, కూతురు పోయినప్పుడూ ఆ లెక్క సాగింది. అసలు ఉత్తరం పోయినా, ఫలానా రోజున ఫలానా మనిషి రాశాడన్న ఆనవాలు ఈ పుస్తకంలో మిగిలింది. ఇవాళ చరిత్రకారులు పోయిన ఉత్తరాలను కూడా వాటి తేదీలతో సహా లెక్కపెట్టగలుగుతున్నారంటే దీని చలవే.

లెక్క ఒక్కటే సరిపోదనుకున్నాడు. తాను రాసి పంపిన ప్రతిదానికీ నకలు కావాలి. మొదట్లో దానికి ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ 1780లో కనిపెట్టిన ఒత్తుడు యంత్రం వాడాడు. ప్రత్యేకమైన సిరాతో రాసి, ఆ కాగితం మీద తడిపిన పల్చటి కాగితం పరిచి మర కింద ఒత్తాలి. సిరా పల్చటి కాగితంలోకి దిగుతుంది. అక్షరాలు తిరగబడి పడతాయి కాబట్టి ఆ కాగితాన్ని వెనక నుంచి చదువుకోవాలి. అలాంటి నకళ్లు కొన్నిచోట్ల అలుక్కుపోయి, కొన్నిచోట్ల వెలిసిపోయి ఇవాళ చదివేవాళ్ల కళ్లను పరీక్షిస్తాయి.

1804లో ఆయన చేతికి ఇంకో పరికరం వచ్చింది. రాతగదిలో నేను ఎక్కువసేపు నిలబడింది దాని ముందే. పేరు పాలిగ్రాఫ్. ఇవాళ ఆ మాట వింటే పోలీసుల అబద్ధపు పరీక్ష గుర్తొస్తుంది గానీ, ఇది వేరు. జాన్ ఐజాక్ హాకిన్స్ అనే ఆయన ఆలోచన. 1803లో పేటెంటు తీసుకున్నాడు. ఫిలడెల్ఫియా చిత్రకారుడు చార్ల్స్ విల్సన్ పీల్ దాన్ని తయారుచేసి అమ్మాడు. చెక్కపెట్టె మీద పక్కపక్కన రెండు కాగితాలు, వాటి మీద రెండు కలాలు. సన్నటి పుల్లల చట్రం ఒకటి రెండు కలాలనూ కలుపుతుంది. చట్రం బరువు చేతి మీద పడకుండా స్ప్రింగులు పైకి పట్టి ఉంచుతాయి. రెండు సిరాబుడ్లు. ఒక కలాన్ని ముంచితే రెండోదీ మునుగుతుంది. ఒకదానితో ‘అయ్యా’ అని మొదలుపెడితే రెండోది కూడా అదే క్షణంలో అదే వంపుతో ‘అయ్యా’ అంటుంది. చేయి ఆగితే అదీ ఆగుతుంది. చేయి వణికితే అదీ వణుకుతుంది.

ఈ కాలంలో వచ్చిన వస్తువుల్లో దీనికి మించింది లేదని ఆయన మురిసిపోయాడు. ఒకటి వాషింగ్టన్‌లో, ఒకటి ఈ కొండ మీద పెట్టుకున్నాడు. అలాగని దాన్ని ఉన్నదున్నట్టు వదల్లేదు. ఈ స్ప్రింగు ఇలా ఉంటే బాగుంటుంది, ఆ పుల్ల అలా మడిస్తే పెట్టె చిన్నదవుతుంది అని పీల్‌కు రాస్తూనే ఉన్నాడు. యంత్రాలు మరమ్మతుకు వెళ్లడం, మారి రావడం ఏళ్ల తరబడి జరిగింది. ఉత్తరాలు రాసే యంత్రం గురించి ఆ ఇద్దరూ రాసుకున్న ఉత్తరాలే ఒక పెద్ద కట్ట.

గదిలో మిగతా సామాను కూడా ఈ పనికే అమర్చినట్టుంది. తిరిగే కుర్చీ, కాళ్లు చాపుకోవడానికి ఎదురుగా బల్ల, వాటి మీదుగా చుట్టూ తిరిగే పలక ఉన్న రాతబల్ల, ఒకేసారి ఐదు పుస్తకాలు తెరిచి పెట్టుకుని తిప్పుకునే పీట. అవతల గదుల్లో మనవలూ మనవరాళ్లూ, చెప్పకుండా దిగే అతిథులూ. ఇక్కడికి మాత్రం పిలవనిదే ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఆయన కుడి మణికట్టు కథ కూడా చెప్పాలి. 1786 సెప్టెంబరులో పారిస్‌లో పడి మణికట్టు తప్పింది. ఆ రోజుల్లోనే మారియా కాస్వే అనే చిత్రకారిణికి, తన తలకూ గుండెకూ మధ్య వాదన జరిగినట్టుగా పన్నెండు పేజీల ఉత్తరం ఎడమ చేత్తో రాశాడు. ఆ మణికట్టు ఎప్పటికీ సరిగా అతకలేదు. ముసలితనంలో బిగుసుకుపోయింది. 1822లో డాబా మెట్టు విరిగి పడితే ఎడమ చేయి కూడా విరిగింది. అయినా ఇంకొకరికి చెప్పి రాయించుకోవడం ఆయనకు నచ్చేది కాదు.

అధ్యక్షుడి టపా

1801 నుంచి 1809 దాకా అధ్యక్షుడిగా ఉన్న ఎనిమిదేళ్లూ ఆయన రోజుకు పది గంటలకు పైగా రాతబల్ల దగ్గరే గడిపాడు. ఆంతరంగిక కార్యదర్శి ఒకడు ఉండేవాడు. మొదటి కార్యదర్శి మెరివెదర్ లూయిస్, తర్వాత పసిఫిక్ సముద్రం దాకా దారి వెతుక్కుంటూ వెళ్లినవాడే. కానీ ఉత్తరాలు రాసే పని కార్యదర్శిది కాదు. అతను కబుర్లు మోసేవాడు, అతిథులను చూసుకునేవాడు. రాత అధ్యక్షుడిదే.

1801 నవంబరు 6న మంత్రులందరికీ ఆయన ఒక పద్ధతి రాసి పంపాడు. తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ నడిపిన పద్ధతి అదే, మనమూ అలాగే చేద్దామని. తనకు వచ్చిన ఉత్తరాల్లో ఏ శాఖకు చెందింది ఆ శాఖకు వెళ్తుంది. శాఖలకు వచ్చినవి రోజూ ఒక కట్టగా తన దగ్గరికి రావాలి. జవాబు అక్కర్లేనివైనా సరే, చూసి తిప్పి పంపుతాడు. జవాబు కావలసినవైతే మంత్రి రాసిన చిత్తు కూడా జతచేయాలి. ప్రభుత్వంలో ఏ మూల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఆయన నమ్ముకున్నది ఈ రోజువారీ కట్టనే. ఉపన్యాసాలంటే ఆయనకు బెరుకు. అమెరికా కాంగ్రెస్‌కు పంపాల్సిన వార్షిక సందేశాన్ని కూడా నిలబడి చదవకుండా కాగితం మీద పంపాడు. మరో నూరేళ్లకు పైగా ఆ తర్వాతి అధ్యక్షులంతా అదే దారిలో నడిచారు.

ఒక్క రోజు టపా ఎలా ఉండేదో చూడాలంటే 1802 జనవరి 1ని చూడాలి. ఆ ఉదయం మసాచుసెట్స్‌లోని చెషైర్ ఊరి రైతులు పంపిన 1,235 పౌండ్ల చీజ్ ముద్ద బండి మీద అధ్యక్షుడి ఇంటికి చేరింది. మన లెక్కలో అయిదున్నర క్వింటాళ్లకు పైనే. తెచ్చినవాడు జాన్ లీలండ్ అనే బాప్టిస్టు బోధకుడు. అదే రోజున కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టుల సంఘానికి జెఫర్సన్ జవాబు సంతకం చేశాడు. రాజ్యానికీ మతానికీ మధ్య గోడ ఉందన్న మాట ఆ చిన్న జవాబులోదే. అమెరికా న్యాయస్థానాలు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ మాట పట్టుకుని వాదించుకుంటున్నాయి. దాన్ని పంపే ముందు చిత్తు ప్రతిని ఇద్దరు సహచరులకు చూపించాడు. న్యూ ఇంగ్లండ్ జనం నొచ్చుకుంటారేమోనని కొన్ని వాక్యాలు సిరాతో కొట్టేశాడు. ఆ సిరా కింద ఏముందో 1998లో ఎఫ్‌బీఐ ప్రయోగశాల తేల్చి చెప్పింది. కొట్టివేతతో సహా చిత్తు దాచినందుకే కదా, మనకు ఆ జంకు కూడా తెలిసింది.

అలాంటి చారిత్రక జవాబుల పక్కనే వందల కొద్దీ మామూలు ఉత్తరాలుండేవి. ఉద్యోగం ఇప్పించమని, అప్పు తీర్చలేక జైల్లో ఉన్నానని, కొడుక్కి చదువు చెప్పించమని, తాను కనిపెట్టిన యంత్రం చూడమని. 1807 డిసెంబరులో విదేశాలతో నౌకా వ్యాపారాన్ని నిషేధించాక పనిలేక మాడిన నావికులూ, వాళ్ల భార్యలూ తిట్టిపోస్తూ రాశారు. చంపుతామని రాసినవాళ్లూ ఉన్నారు. పేరు పెట్టకుండా రాసినవి కూడా ఆయన చించి పారేయలేదు. వెనక అందిన తేదీ వేసి, దొంతరలో చేర్చాడు. తిట్టు ఉత్తరాన్ని కూడా తేదీ వేసి దాచడం నాకు గొప్పగా కనిపిస్తుంది. పాలకుడికి జనం ఏం రాశారో మిగలడం అన్నది ఏ దేశంలోనూ అంత తేలిగ్గా జరగదు.

వేసవిలో వాషింగ్టన్ జ్వరాలకు భయపడి ఏటా జులై చివర్లో ఈ కొండకు వచ్చేసి సెప్టెంబరు చివరి దాకా ఉండేవాడు. ఆ రెండు నెలలూ దేశానికి రాజధాని ఈ గదే. టపా సంచులు ఇక్కడికే ఎక్కేవి. 1805 వేసవిలో లూయిస్ పడమటి నుంచి పంపిన ఎముకలు, తోళ్లు, కొమ్ములు, బతికున్న ఒక పక్షీ, ఒక చిన్న జంతువూ వాషింగ్టన్‌కు చేరితే, వాటిని జాగ్రత్తగా చూసుకోమని ఇక్కడి నుంచే ఇంటి పెద్ద నౌకరుకు రాశాడు. ఆ యాత్రకు పంపేటప్పుడు రహస్యంగా రాయడానికి లూయిస్‌కు ఒక గూఢలిపి పట్టిక కూడా ఇచ్చాడు. దాని తాళపు మాట ఒక కూరగాయ పేరు, ‘ఆర్టిచోక్స్’. లూయిస్‌కు దాన్ని వాడే అవసరమే రాలేదు.

గానుగ

పదవి దిగితే ఊపిరి పీల్చుకోవచ్చనుకున్నాడు. జరగలేదు. ఒకసారి ఏదో చూస్తూ ఆవర్జా తిప్పితే కుతూహలం పుట్టి ఒక్క ఏడాది ఉత్తరాలు లెక్కపెట్టాడు. 1820లో వచ్చినవి 1,267. రోజుకు మూడున్నర. చాలావాటికి పుస్తకాలు తిరగేసి, వెతికి మరీ జవాబు రాయాలి. అన్నిటికీ మర్యాదగా రాయాలి. ఇదీ ఒక బతుకేనా, గానుగ చుట్టూ తిరిగే గుర్రం బతుకు, చస్తే గానీ ఆ తిరుగుడు ఆగదు అని 1822 జూన్‌లో ఆడమ్స్‌కు రాశాడు. ఆయన గుర్రం అన్నాడు, మనం ఎద్దు అంటాం. అంతే తేడా.

ఆడమ్స్ పేరు ఇన్నిసార్లు వచ్చింది కాబట్టి ఆ స్నేహం సంగతి. స్వాతంత్ర్య పోరాటంలో ఇద్దరూ భుజాలు కలిపి నడిచారు. 1800 అధ్యక్ష ఎన్నికలో ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. ఓడిన ఆడమ్స్, జెఫర్సన్ ప్రమాణ స్వీకారానికి కూడా ఉండకుండా తెల్లారకముందే ఊరు విడిచాడు. తర్వాత పదేళ్లకు పైగా ఇద్దరి మధ్యా దాదాపు మాటల్లేవు. ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ ఇద్దరికీ విడివిడిగా రాసి రాసి కరిగించాడు. 1812 జనవరి 1న ఆడమ్స్ మొదటి ఉత్తరం రాశాడు. ఇంట్లో నేసిన రెండు ముక్కలు విడిగా టపాలో పంపుతున్నానన్నాడు. ఉత్తరం ముందు వచ్చింది, పొట్లం వెనక పడింది. జెఫర్సన్ అది నేత బట్ట అనుకున్నాడు. వర్జీనియాలో ఇంటింటా నూలు వడుకుతున్నారని, మగ్గాలు ఆడుతున్నాయని శ్రద్ధగా జవాబు రాశాడు. తీరా పొట్లం వస్తే అందులో ఉన్నవి రెండు పుస్తకాలు. ఆడమ్స్ కొడుకు జాన్ క్విన్సీ హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు. ఇంట్లో నేసినవి అంటే ఆ తండ్రి ఉద్దేశం అదీ. ఈ పొరపాటు చదివినప్పుడల్లా నాకు ఇద్దరు ముసలివాళ్లూ దగ్గరి చుట్టాల్లా అనిపిస్తారు. పదకొండేళ్ల మౌనం తర్వాత మాట కలపడానికి ఒకరికి కొడుకు పుస్తకాలు, ఇంకొకరికి మగ్గాల కబుర్లు కావలసి వచ్చాయి.

అక్కణ్నుంచి పద్నాలుగేళ్లలో ఇద్దరి మధ్యా నడిచినవి 158 ఉత్తరాలు. ఆడమ్స్ రాసినవి 109, జెఫర్సన్‌వి 49. ఆడమ్స్ ఆ లెక్క పట్టించుకోలేదు.

అన్నీ దాచినవాడు ఒక కట్టను మాత్రం దాచలేదు. భార్య మార్తా 1782లో చనిపోయింది. ఆ ఇద్దరూ రాసుకున్న ఉత్తరం ఒక్కటి కూడా ఇవాళ లేదు. ఆయనే తగలబెట్టాడని చరిత్రకారులు నమ్ముతున్నారు. ఈ మాట చదివిన రోజున మా వసారాలో చించేసిన చావు కబురు కార్డులు గుర్తొచ్చాయి.

వాలు కింద

రాతగది ఉన్నది ఇంటికి దక్షిణం వైపు. అటు బయటికి వచ్చి వాలు దిగితే మల్బరీ రో. ఒకప్పుడు కమ్మరి కొలిమి, మేకుల కొట్టు, వడ్రంగి కొట్టు, బానిసల గుడిసెలు వరసగా ఉన్న వీధి. స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానులుగా పుట్టారని రాసిన చేయి జీవితకాలంలో 607 మందిని సొంత ఆస్తిగా లెక్కరాసుకుంది. ఈ కొండ మీద ఒక సమయంలో 130 మంది దాకా ఉండేవాళ్లు. 1794లో పెట్టిన మేకుల కొట్టులో పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలు సుత్తులు పట్టి రోజుకు 8 వేల నుంచి 10 వేల మేకులు కొట్టేవాళ్లు. ఎంత ఇనుముకు ఎన్ని మేకులు చేశారో పిల్లవాడి పేరున లెక్క ఉండేది. అదీ జెఫర్సన్ లెక్కే. తెల్లారి లేచేసరికి నిప్పు రాజేసి, భోజనం వండి, గుర్రాలు కట్టి, సంచీ మోసి, ఆయన ఉదయాలను ఆయనకు ఖాళీ చేసి పెట్టింది ఈ వీధి. ఆ 19 వేల ఉత్తరాల వెనక వీళ్ల పొద్దులున్నాయి.

నకళ్లు దాచడంలో ఒక సంగతి ఉంది. అవి రాసినవాడి మాట వినవు. 1791లో బెంజమిన్ బానెకర్ అనే స్వతంత్ర నల్లజాతి గణితజ్ఞుడు తాను కట్టిన పంచాంగం చేతిరాత ప్రతిని జతచేసి, సమానత్వం గురించి మీరు రాసింది మా వాళ్లకు వర్తించదా అని నిలదీస్తూ రాశాడు. జెఫర్సన్ పదకొండు రోజుల్లో ఎంతో మర్యాదగా, మెచ్చుకుంటూ జవాబిచ్చాడు. 1809లో ఇంకో మిత్రుడికి రాస్తూ అదే బానెకర్‌ది చాలా మామూలు బుర్ర అని తీసిపారేశాడు. రెండు ఉత్తరాలూ ఇవాళ దొరుకుతాయి. పక్కపక్కన పెట్టుకుని ఎవరైనా చదవొచ్చు. ఒత్తుడు యంత్రమైనా, పాలిగ్రాఫ్ రెండో కలమైనా ఆయన ఏం రాస్తే అదే దించింది. దేన్నీ సర్దలేదు.

ఆ దొంతరల్లోనే బానిసల చేతిరాతలు కొన్ని మిగిలాయి. ఇక్కడికి 90 మైళ్ల దూరంలో జెఫర్సన్‌కు పాప్లర్ ఫారెస్ట్ అని ఇంకో ఇల్లుండేది. అక్కడ పనిచేసే హన్నా 1818 నవంబరు 15న ఆయనకు ఒక ఉత్తరం రాసింది. ఇల్లూ సామానూ భద్రంగా ఉన్నాయి, ఈసారి రారని విన్నాను, ఒంట్లో బాగాలేదని తెలిసి బాధపడ్డాను, దేవుడు మిమ్మల్ని ఇంతవరకు కాపాడినందుకు తలుచుకోవాలి అని. ఒక బానిస స్త్రీ తన యజమానికి దేవుణ్ని గుర్తుచేస్తూ రాసిన కాగితం అది. అమెరికాలో అలాంటివి దొరకడం చాలా అరుదు.

ఇక జాన్ హెమ్మింగ్స్. వడ్రంగి కొట్టు పెద్ద మేస్త్రీ. ఈ ఇంట్లో మిగిలిన సన్నటి చెక్కపనిలో చాలా భాగం ఆయనదే. చదవడం, రాయడం వచ్చు. పాప్లర్ ఫారెస్ట్‌లో పని చేయిస్తూ, ఎంత కప్పు వేశాం, ఎంత మిగిలింది అని జెఫర్సన్‌కు తానే ఉత్తరాలు రాసేవాడు. 1825లో జెఫర్సన్ మనవరాలు ఎలెన్ పెళ్లాడి బోస్టన్ వెళ్తుంటే, ఆమె కోసం తన చేత్తో ఒక రాతపెట్టె చేశాడు. సామానంతా ఓడలో పంపారు. ఆ సామాను సముద్రం పాలైంది.

ఆ కబురు జెఫర్సన్‌కు మొదట మోసుకొచ్చింది జాన్ హెమ్మింగ్సే. ఎలెన్‌కు తాత రాసిన ఉత్తరంలో ఆ ఘట్టం ఉంది. మిగతా సామాను పోయినందుకు జాన్ ఒక్క మాట అనలేదట. ఆ రాతపెట్టె ఒక్కటే అతనికి సర్వస్వమట. తన మహాకావ్యం మంటల్లో కాలిపోయినా కవి వర్జిల్ ఇంత కుమిలి ఉండడు అని రాశాడు జెఫర్సన్. ఇంకొకటి చేయకూడదా అని అడిగితే జాన్ చేయలేనన్నాడు. చూపు తగ్గింది, అది ఎలా చేశానో పూర్తిగా గుర్తు లేదు అన్నాడు. అప్పుడు దానికి బదులుగా జెఫర్సన్ తన దగ్గరున్న ఒక పాత పెట్టెను ఎలెన్ భర్తకు పంపాడు. ఒళ్లో పెట్టుకుని రాసుకునే చిన్న చెక్కపెట్టె అది. 1776లో ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య ప్రకటన రాసింది దాని మీదే. ఆ సంగతి తన చేత్తో ఒక చీటీ మీద రాసి పెట్టెకు అంటించాడు. 1880లో ఆ కుటుంబం దాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో అద్దాల వెనక ఉంది. దేశాన్ని పుట్టించిన పెట్టె ఒక బానిస చేతి పెట్టె స్థానంలోకి వెళ్లింది. ఆ ముక్క ఈ కొండ మీద ఎవరైనా చెబుతారా అని చెవులు రిక్కించాను. గైడు చెప్పింది, గొంతు తగ్గించి చెప్పింది.

1826 జూన్ 24న జెఫర్సన్ ఒక పెద్ద ఉత్తరం రాశాడు. స్వాతంత్ర్య ప్రకటనకు యాభై ఏళ్లు నిండుతున్నాయి, వాషింగ్టన్ రండి అని పిలిచిన నగర మేయర్‌కు, రాలేనని. పుస్తకాల్లో ఎక్కేది అదే. మర్నాడు కూడా కలం పట్టాడు. ఆ చివరి రాత ఫ్రాన్సు నుంచి వచ్చిన వైన్ సరుకుకు కట్టాల్సిన డబ్బు గురించి. జులై 4న, సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున కన్నుమూశాడు. అదే రోజు ఆడమ్స్ కూడా.

శవపేటిక చేసింది జాన్ హెమ్మింగ్స్. వీలునామాలో విడుదల పొందిన ఐదుగురిలో ఆయన ఒకడు. మిగతా వాళ్లకు ఆ భాగ్యం లేదు. జెఫర్సన్ మిగిల్చి వెళ్లిన అప్పు లక్ష డాలర్ల పైమాటే. 1827 జనవరి చలిలో ఈ ఇంటి ముందే 130 మంది బానిసలను వేలానికి పెట్టారు. వీలునామాలో విడుదల దక్కిన కమ్మరి జో ఫోసెట్, తన భార్యా పిల్లలూ వేర్వేరు మనుషులకు అమ్ముడుపోవడం చూశాడు.

ఉత్తరాలు మాత్రం వేలానికి వెళ్లలేదు. మనవడి చేతికి వచ్చాయి. 1848లో ప్రభుత్వం 20 వేల డాలర్లకు చాలా భాగం కొంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాటిని అచ్చువేయడం మొదలుపెట్టి మొదటి సంపుటం తెచ్చింది 1950లో. 40 సంపుటాలు దాటినా పని ఇంకా నడుస్తోంది. పదవి దిగాక రాసినవాటి సంపుటాలు ఈ కొండ కిందే తయారవుతున్నాయి. హన్నా ఉత్తరమూ, జాన్ హెమ్మింగ్స్ ఉత్తరాలూ అధ్యక్షుల ఉత్తరాల వరసలోనే, తేదీ ప్రకారం అచ్చవుతున్నాయి.

తిరుగు ప్రయాణానికి ముందు మల్బరీ రోలో ఇంకోసారి నడిచాను. ఇప్పుడు అక్కడ రెండు మూడు గుడిసెలు పాత కొలతలతో మళ్లీ కట్టారు. అందులో ఒకటి జాన్, ప్రిసిల్లా హెమ్మింగ్స్ దంపతులది. కొంచెం పక్కన వడ్రంగి కొట్టు ఉన్నచోట గోడల్లేవు, కప్పు లేదు. రాళ్లు పేర్చి కట్టిన పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. దాని పొయ్యి నోట్లో ఎండుటాకులు చేరి ఉన్నాయి. ఒక చిన్నపిల్ల వంగి లోపలికి చూస్తూ, ఇక్కడ ఏం వండేవాళ్లని వాళ్ల అమ్మను అడుగుతోంది.